కరెంటు పొయ్యికి దారి ఏది? కల్వకుర్తి వంటిళ్ళ వైరింగ్‌పై ఒక సమీక్ష

కల్వకుర్తి పట్టణంలోనూ, చుట్టూ ఉన్న వెల్దండ, ఊర్కొండ, వంగూరు మండలాల ఊళ్ళలోనూ వంటింటి గట్టు మీద గ్యాస్ పొయ్యి పక్కన ఇండక్షన్ స్టవ్ కూడా చేరుతోంది. నాలుగు పొయ్యిలు, కింద ఓవెన్ ఉండే పెద్ద రేంజ్ ఇంకా అరుదే. అయినా రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్, ఓవెన్, ఇండక్షన్ స్టవ్ అన్నీ ఒకే గట్టు మీదికి చేరితే అవి లాగే కరెంటు ఒక రేంజ్ లాగేదానికి తగ్గదు.

వీటికి కరెంటు ఎట్లా ఇవ్వాలన్న ప్రశ్నకు నాలుగు జవాబులు వినిపిస్తాయి. పవర్ ప్లగ్ ఉంటే చాలని ఒకరంటారు. మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను లాగాల్సిందేనని మరొకరంటారు. అర్తింగ్ బాగుంటే భయం లేదని ఇంకొకరి ధీమా. కరెంటు లీకైతే సరఫరా కట్ చేసే ఆర్‌సీసీబీ పెట్టాక అర్తింగ్‌తో పనేముందని కొత్తగా వినిపిస్తున్న వాదం. ఒక్కో మాటలో ఒక్కో ముక్క నిజం ఉంది. ఆ ముక్కనే మొత్తం అనుకోవడంతో చర్చ చిక్కుపడింది. ఆ చిక్కును పోగుపోగుగా విడదీసి చూడటమే ఈ వ్యాసం పని.

ఒక బల్బు కోసం వేసిన తీగలు

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959లో ఏర్పడింది. పల్లెలకు కరెంటు చేర్చే పనికి అప్పులిచ్చే గ్రామీణ విద్యుదీకరణ సంస్థ 1969లో వచ్చింది. 1988-89లో మొదలైన కుటీర జ్యోతి పథకం పేద ఇంటికి ఇచ్చింది ఒక్క దీపం కనెక్షన్. ఆనాటి వైరింగ్ ఆనాటి అవసరానికి తగ్గట్టే ఉంది. చెక్క పట్టీల మీద మేకులు కొట్టి బిగించిన తీగలు, చాలాచోట్ల అల్యూమినియం తీగలు, పింగాణీ ఫ్యూజ్ కటౌట్లు. బల్బు, ఫ్యాను కలిపినా 150 వాట్లు దాటని రోజులవి. ఇండక్షన్ స్టవ్ ఒక్కటే పూర్తి మంట మీద 2000 వాట్లు లాగుతుంది. పాత లెక్కకు ఇది పదమూడు రెట్లు.

నడుమ గ్యాస్ కాలం వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల పథకం పల్లె వంటింటికి సిలిండర్ తెచ్చాయి. ఆ తర్వాత గాలి మళ్ళీ కరెంటు వైపు తిరిగింది. 2021లో కేంద్రం 'గో ఎలక్ట్రిక్' ప్రచారం మొదలుపెట్టింది. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్ 20 లక్షల ఇండక్షన్ స్టవ్‌లు అందిస్తామని ప్రకటించింది. తెలంగాణలో 2024లో అర్హులైన ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి అమల్లోకి వచ్చింది. పొయ్యిలు పంచే పథకాలు, కరెంటు ఇచ్చే పథకాలు చాలానే ఉన్నాయి. ఆ రెంటినీ కలిపే గోడలోని తీగ మీద మాత్రం ఎవరి దృష్టీ పడలేదు.

నియమాలు లేక కాదు. 1956 నాటి భారత విద్యుత్ నియమాల స్థానంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలు తెచ్చింది. వాటి స్థానంలో 2023లో మరోసారి కొత్తవి వచ్చాయి. ఇంటి వైరింగ్‌కు ఐఎస్ 732, అర్తింగ్‌కు ఐఎస్ 3043, ప్లగ్గులకు, సాకెట్లకు ఐఎస్ 1293 ప్రమాణాలున్నాయి. కొత్తగా కట్టే ఇంట్లో వీటిని పాటించడం తేలిక. ముప్పై ఏళ్ళ కింద కట్టిన మిద్దె ఇంట్లోకి పొయ్యి కొత్తగా వచ్చినప్పుడే వాదం మొదలవుతుంది.

మొదటి పోగు: తీగ మందం, విడి లైను

ముందు లెక్క చూద్దాం. మన సరఫరా 230 వోల్టులు. 2000 వాట్ల స్టవ్ సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌కు తగిలించకూడదు, 16 ఆంపియర్ల పవర్ సాకెట్ కావాలి. ఇందులో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. అసలు వాదం సాకెట్ వెనకున్న తీగ గురించి.

అంతర్జాతీయ పట్టికల్ని మన 40 డిగ్రీల ఎండకు సరిచేసి చూస్తే, గోడలోని పైపులో రెండు రాగి తీగలే ఉన్నప్పుడు 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ సుమారు 15 ఆంపియర్లు మోస్తుంది. 2.5 తీగ 21, 4 తీగ 28, 6 తీగ 36 ఆంపియర్లు మోస్తాయి. అదే పైపులో మరిన్ని లైన్లు కలిస్తే వేడి బయటికి పోలేదు, ఈ అంకెలు ఇంకా తగ్గుతాయి.

దీని మీద మూడు వాదాలున్నాయి.

మొదటిది సర్దుబాటు వాదం. 1.5 తీగ 15 ఆంపియర్లు మోస్తుంటే 9 ఆంపియర్ల స్టవ్‌కు కొత్త తీగ ఎందుకని వీరి ప్రశ్న. కాగితం మీద ఇది సరైనదే. కానీ ఆ లైను మీదే ఫ్రిజ్, మిక్సీ, కెటిల్ ఉంటే లెక్క తప్పుతుంది. అంతకంటే పెద్ద సమస్య అతుకుల దగ్గర ఉంది. వదులైన స్క్రూ దగ్గర పదో వంతు ఓము నిరోధం ఉందనుకుందాం. 3 ఆంపియర్లు పారితే అక్కడ పుట్టే వేడి ఒక వాటు లోపే. 9 ఆంపియర్లు పారితే ఎనిమిది వాట్లు దాటుతుంది. కరెంటు మూడు రెట్లయితే వేడి తొమ్మిది రెట్లు. ఇరవై ఏళ్ళు ఫ్యాను తిప్పినా బయటపడని వదులు పొయ్యి పెట్టిన నెలకే సాకెట్‌ను నల్లగా మాడుస్తుంది. అల్యూమినియం తీగైతే ఈ గండం మరీ ఎక్కువ. దాని మీద పేరుకునే ఆక్సైడ్ పొర కరెంటును అడ్డుకుంటుంది. స్క్రూ ఒత్తిడికి లోహం మెల్లగా నలిగి, బిగువు సడలుతుంది కూడా.

రెండోది విడి లైను వాదం. మెయిన్ బోర్డు నుంచి పొయ్యి దాకా మధ్యలో ఎక్కడా అతుకు లేకుండా ఒకే లైను, దానికి సొంత ఎంసీబీ, అంటే కరెంటు మోతాదు దాటితే తానే పడిపోయే స్విచ్. ఒక్క ఇండక్షన్ స్టవ్‌కు 2.5 తీగ, 16 ఆంపియర్ల ఎంసీబీ సరిపోతాయి. రేపు ఓవెన్ కూడా వస్తుందనుకుంటే 4 తీగ లాగడం ముందుచూపు. 7 కిలోవాట్ల రేంజ్ 30 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి దానికి 6 తీగ, 32 ఆంపియర్ల ఎంసీబీ, ప్లగ్గుకు బదులు గోడకు బిగించిన స్విచ్ కావాలి. ఈ వాదానికి ఇంజినీర్ల మద్దతు ఎక్కువ. అడ్డంకి ఖర్చూ, గోడలు పగలగొట్టడమూ. దీనికి కేసింగ్ పట్టీలో గోడ మీదుగానే లైను తీసుకెళ్ళడం నమ్మదగిన మధ్యేమార్గం.

మూడోది మొత్తం వైరింగ్ మార్చాలనే వాదం. చెక్క పట్టీలు, అల్యూమినియం తీగలు, పెళుసెక్కిన తొడుగులు ఉన్న ఇంట్లో వంటగది ఒక్కదాన్నే బాగుచేయడం చిరిగిన బట్టకు కొత్త మాసిక వేయడమేనని వీరంటారు. పాత ఇళ్ళ విషయంలో ఇది కొట్టిపారేయలేని మాట. అయితే ఎన్ని ఇళ్ళకు ఈ స్తోమత ఉందన్న ప్రశ్నకు ఈ వాదంలో జవాబు దొరకదు.

మూడు వాదాలకూ ఉమ్మడి హద్దు ఒకటి ఉంది. ఎంసీబీ కాపాడేది ముందుగా తీగను. తరచూ పడిపోతోందని 16 ఎంసీబీ తీసి 32 పెట్టడం, ఫ్యూజ్‌లో మందపాటి రాగి పోగు చుట్టడం ఆ కాపలా మనిషిని మనమే పంపించేయడం. ఎంసీబీ పదేపదే పడుతుంటే లోడు ఎక్కువైందనో, ఎక్కడో లోపముందనో అర్థం. మార్చాల్సింది ఆ స్థితిని, ఎంసీబీని కాదు.

రెండో పోగు: కల్వకుర్తి మట్టిలో అర్తింగ్

చాలా ఇళ్ళకు స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరులో ఫేజు, న్యూట్రల్ రెండే ఉంటాయి. అర్తింగ్ ఇంటివాళ్ళు పెరట్లో తవ్వించుకునే గుంత. ప్రమాణం ప్రకారం కనీసం రెండున్నర మీటర్ల జీఐ పైపు దింపి, ఏడాది పొడవునా తేమ ఉండేలా చూడాలి. ఈ ప్రాంతంలో కష్టం ఇక్కడే మొదలవుతుంది. ఎర్ర చెల్కల కింద కొన్ని అడుగుల్లోనే గ్రానైటు రాయి తగులుతుంది. మార్చి నుంచి మే దాకా పై మట్టి ఎండి బీటలు వారుతుంది. మట్టి ఎండేకొద్దీ అది కరెంటును తీసుకునే శక్తి తగ్గిపోతుంది.

ఇందులోనూ మూడు మార్గాలు ప్రచారంలో ఉన్నాయి. ఉప్పు, బొగ్గు పొరలు వేసిన పాత పద్ధతి చవక, కానీ ఉప్పు పైపును తినేస్తుంది, గుంతకు నీళ్ళు పోస్తూ ఉండాలి. తేమను పట్టి ఉంచే మిశ్రమంతో చేసే కెమికల్ అర్తింగ్ ఖర్చుతో కూడింది, పోషణ తక్కువ. మూడోది అసలు అర్తింగే కాదు: సాకెట్‌లోని అర్తింగ్ పిన్నును న్యూట్రల్‌కు కలిపేయడం. న్యూట్రల్ ఎక్కడైనా తెగిన క్షణంలో పొయ్యిలో ఏ లోపమూ లేకపోయినా దాని ఒళ్ళంతా కరెంటవుతుంది. ఇది ఒక మార్గంగా చర్చించదగింది కాదు, మానుకోవాల్సింది.

గుంత తవ్వాక దాన్ని పరీక్షించే తీరులోనే పెద్ద భ్రమ ఉంది. ఫేజుకు, అర్తింగ్‌కు మధ్య బల్బు పెట్టి, వెలిగితే బాగున్నట్టేనని అనడం అలవాటు. 100 వాట్ల బల్బు నిరోధం సుమారు 529 ఓములు. అర్తింగ్ నిరోధం 50 ఓములున్నా బల్బుకు 210 వోల్టులు అందుతాయి, దాదాపు పూర్తిగా వెలుగుతుంది. అదే ఇంట్లో పొయ్యిలోని ఫేజు తీగ ఊడి లోహపు ఒంటికి తగిలిందనుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మరో 5 ఓములు కలిపితే పారేది 4 ఆంపియర్ల పైచిలుకే. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు వాడకంలాగే కనిపిస్తుంది, పడదు. పొయ్యి ఒంటి మీద 200 వోల్టులకు పైగా నిలిచే ఉంటాయి. నిరోధాన్ని 10 ఓములకు తగ్గించినా పారేది 15 ఆంపియర్లే, ఒంటి మీద 150 వోల్టులు మిగులుతాయి. సి రకం 16 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడాలంటే 80 నుంచి 160 ఆంపియర్ల దాకా పారాలి. అందుకే అర్తింగ్ నిరోధాన్ని మీటరుతో కొలవాలి. అదీ ఎండాకాలంలో కొలవాలి. వానాకాలపు అంకె మనల్ని మోసం చేస్తుంది.

సొంత గుంత మీద ఆధారపడిన ఇంట్లో అర్తింగ్, ఎంసీబీ రెండూ ఉన్నా ప్రాణానికి పూర్తి భరోసా లేదని ఈ లెక్క చెబుతోంది. కల్వకుర్తి లాంటి చోట ఈ చర్చకు ఇదే కీలకం.

మూడో పోగు: ఆర్‌సీసీబీ ఎంతవరకు?

ఫేజులో వెళ్ళిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని ఆర్‌సీసీబీ చూస్తుంది. 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే క్షణంలో సరఫరా కట్ చేస్తుంది. పైన చెప్పిన 50 ఓముల అర్తింగ్ ఉన్న ఇంట్లో అదే లోపం వస్తే 4 ఆంపియర్లు దారి తప్పుతాయి. ఎంసీబీకి కనిపించని ఆ తేడా ఆర్‌సీసీబీకి కొండంత.

అయితే అర్తింగ్ అక్కర్లేదన్న వాదం ఇక్కడే తడబడుతుంది. అర్తింగ్ ఉంటే లోపం వచ్చిన క్షణంలోనే ఆర్‌సీసీబీ పడిపోతుంది. లేకపోతే ఎవరో ఒకరు ముట్టుకుని, కరెంటు వారి ఒంట్లోంచి నేలకు పారాకే పడుతుంది. పరికరం పనిచేసినా, ఆ పరీక్షకు మనిషి ఒళ్ళు వాడుకోవాల్సి వస్తుంది. ఫేజును, న్యూట్రల్‌ను రెంటినీ ఒకేసారి ముట్టుకున్న మనిషిని ఆర్‌సీసీబీ గుర్తించలేదు. లోడు ఎక్కువైనా, న్యూట్రల్ తెగి వోల్టేజీ ఎగసినా అది పడదు. ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండు పనులూ ఒకే పెట్టెలో చేసే ఆర్‌సీబీఓను పొయ్యి లైనుకు విడిగా పెట్టడం ఇప్పుడు ఎక్కువమంది సిఫారసు చేసే పద్ధతి.

దీని మీద రెండు అభ్యంతరాలున్నాయి. పాత ఓవెన్ కాయిళ్ళలోని పొడి తేమ పీల్చుకుని కొద్దిగా కరెంటు లీకు చేస్తుంది, దాంతో ఆర్‌సీసీబీ ఊరికే పడుతుందన్నది మొదటిది. ఇది నిజమే. పొయ్యికి విడిగా ఆర్‌సీబీఓ పెడితే కనీసం ఇల్లంతా చీకటి కాదు. రెండోది పరికరం రకానికి సంబంధించింది. ఇండక్షన్ స్టవ్‌లోని ఎలక్ట్రానిక్స్ వల్ల లీకయ్యే కరెంటు అలలు అలలుగా ఒకే దిక్కుకు పారవచ్చు. ఏసీ రకం ఆర్‌సీసీబీ దాన్ని సరిగా గుర్తించకపోవచ్చు, 'ఏ' రకం గుర్తిస్తుంది. మన దుకాణాల్లో ఏసీ రకమే ఎక్కువగా దొరుకుతుంది.

నియమాల్లోనూ ఈ ఊగిసలాట కనిపిస్తుంది. 1956 నియమాల్లోనూ 2010 నిబంధనల్లోనూ 250 వోల్టుల లోపు, 5 కిలోవాట్ల కంటే తక్కువ లోడున్న ఇళ్ళకు ఈ రక్షణ నుంచి మినహాయింపు ఉండేది. ప్రమాదం ఎక్కువగా ఉన్న చిన్న ఇళ్ళే ఆ మినహాయింపులో ఉండిపోయాయి.

బయటి అనుభవం

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి వంటిళ్ళలో రేంజ్‌కు 40 లేదా 50 ఆంపియర్ల, 240 వోల్టుల విడి లైను మామూలే. కానీ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రాగి ఆదా కోసం రేంజ్ ఒంటిని న్యూట్రల్‌కే కలపడానికి అక్కడి కోడ్ అనుమతించింది. కొత్త లైన్లకు నాలుగు తీగల సాకెట్‌ను తప్పనిసరి చేసి ఆ వెసులుబాటును ఎత్తేసింది 1996లో. తాత్కాలికమన్న రాజీ అర్ధ శతాబ్దం నడిచింది. న్యూట్రల్‌నే అర్తింగ్ అనుకునే మన అలవాటుకు ఇది హెచ్చరిక.

బ్రిటన్‌లో నాలుగు పొయ్యిలూ ఒకేసారి పూర్తి మంట మీద ఉండవన్న అనుభవంతో లెక్క కడతారు. మొదటి 10 ఆంపియర్లు పూర్తిగా, మిగతాదాంట్లో 30 శాతం తీసుకుంటారు. 30 ఆంపియర్ల రేంజ్ ఈ లెక్కన 16 ఆంపియర్లే అవుతుంది. పండుగనాడు అన్ని పొయ్యిలూ గంటల తరబడి వెలిగే మన వంటింటికి ఈ సూత్రాన్ని తెచ్చే ముందు ఆలోచించాలి.

మనకు దగ్గరి పాఠం ఈక్వడార్‌ది. 2014లో ఆ దేశం 30 లక్షల ఇళ్ళకు ఇండక్షన్ పొయ్యి చేర్చాలని పథకం పెట్టింది. పొయ్యితోపాటు ఇంట్లోకి 220 వోల్టుల విడి లైను వేయడాన్ని కూడా విద్యుత్ సంస్థల పనిలో కలిపింది. లక్ష్యానికి పథకం చాలా దూరంలోనే ఆగింది. అయినా పొయ్యిని, తీగను ఒకే పథకంగా చూడటంలో ఆ దేశం మనకంటే ముందుంది.

బాధ్యత ఎవరిది?

మీటరు దాకా విద్యుత్ సంస్థది, మీటరు దాటాక ఇంటివారిది అన్నది స్థూలమైన విభజన. 1 కిలోవాట్ కాంట్రాక్టెడ్ లోడు ఉన్న ఇంట్లో 2 కిలోవాట్ల స్టవ్ పెడితే అదనపు లోడుకు దరఖాస్తు చేయాలి. నెల చార్జీలు పెరుగుతాయని చాలామంది వెనకాడతారు. కానీ స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యాన్ని అంచనా వేసేది ఆ అంకెలతోనే. దాచిన లోడు చివరికి వీధి మొత్తానికి తక్కువ వోల్టేజీగా తిరిగొస్తుంది.

పని ఎవరు చేయాలన్నదానికీ నియమం ఉంది. సామర్థ్యాన్నీ స్వభావాన్నీ మార్చని చిన్న మార్పులు, అంటే బల్బు, ఫ్యాను, ఫ్యూజ్, స్విచ్ మార్చడం తప్ప మిగతా వైరింగ్ లైసెన్సున్న కాంట్రాక్టరుతోనే చేయించాలి. 6 ఆంపియర్ల సాకెట్ తీసి అదే తీగకు 16 ఆంపియర్ల సాకెట్ బిగించడం పైకి చిన్న మార్పులాగే ఉంటుంది. నిజానికి అది సామర్థ్యాన్ని మార్చే పని. పొయ్యి కొన్న రోజున ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

ఒకచోట చేర్చి చూస్తే

- సరైన తీగ, దానికి తగిన ఎంసీబీ: మంటల నుంచి కాపాడతాయి. షాక్ నుంచి పూర్తిగా కాపాడలేవు.
- అర్తింగ్: లోపాన్ని బయటపెట్టే దారి. సొంత గుంత ఒక్కటే ఎంసీబీని పడగొట్టలేదు.
- 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ: షాక్ నుంచి కాపాడుతుంది. ఓవర్‌లోడును, వదులు అతుకు వేడిని గుర్తించదు.
- స్థానం: సింకుకూ పొయ్యి ఆవిరికీ దూరంగా, పొయ్యి మీదుగా చేయి చాచకుండా అందేలా స్విచ్ ఉండాలి. గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే కిందికే దిగుతుంది. కాబట్టి సిలిండర్ ఉన్న గట్టు కింద సాకెట్ పెట్టకూడదు.
- ఎక్స్‌టెన్షన్ బాక్స్: పొయ్యికి ఏ వాదమూ దీన్ని సమర్థించదు.

తేలినవి, తేలనివి

విడి లైను, కొలిచిన అర్తింగ్, ఆర్‌సీబీఓ ఈ మూడూ ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావన్నది తేలిన విషయం. ఒకటి వదిలేసే రంధ్రాన్ని మరొకటి మూస్తుంది. ఒకటి బలంగా ఉంది కదా అని మరొకటి మానేసిన చోటే ప్రమాదానికి సందు దొరుకుతుంది.

తేలని ప్రశ్నలు మూడు. ఇండక్షన్ పొయ్యికి 'ఏ' రకం ఆర్‌సీసీబీనే తప్పనిసరి చేయాలా? సర్వీసు వైరుతోపాటే అర్తింగ్ తీగను కూడా ఇంటికి చేర్చే భారం విద్యుత్ సంస్థ తీసుకోవాలా? పేద ఇంటికి పొయ్యి ఇచ్చే పథకం ఆ ఇంటి తీగను కూడా పరీక్షించాలా? మొదటిది ఇంజినీర్లు తేల్చాల్సింది. మిగతా రెండూ ప్రభుత్వం తేల్చాల్సినవి. ఒక్క దీపం కనెక్షన్‌తో మొదలైన ఇంటికి పొయ్యి చేర్చాలని ప్రభుత్వమే పిలుపునిస్తున్నప్పుడు, ఆ దీపం తీగ పొయ్యిని మోయగలదో లేదో కొలిచి చూసే ఖర్చు కూడా ఆ పిలుపులో భాగం కావాలి. అది జరిగేదాకా కల్వకుర్తిలో పొయ్యి కొనే ఇంటికి చెప్పగలిగిన మాట ఒక్కటే: పొయ్యి ధర లెక్కేసేటప్పుడు లైను, అర్తింగ్, ఆర్‌సీబీఓ ఖర్చు కూడా అందులోనే కలపండి. ఆ మూడూ పొయ్యిలో భాగాలే.